సున్నం మేస్త్రీ పనితనం

బోనకల్ మీదుగా బెజవాడకు వెళ్లే రైలు మార్గాన్ని నిజాం రైల్వే 1889లో పూర్తి చేసింది. డంగు సున్నంతో కట్టిన ఆ కాలపు స్టేషన్లు ఎక్కడ పాడుబడినా, వాటిని మళ్లీ నిలబెట్టగలిగేది సున్నం మేస్త్రీలే. సిమెంటు పూస్తే పని తొందరగా తెములుతుంది, నిజమే. కానీ చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి పాత ఇటుక పొరలు పొరలుగా రాలుతుంది. అందుకే మేస్త్రీ ముందు ఆ సిమెంటు పెచ్చులు ఊడగొడతాడు. నానిన సున్నంలో ఇసుక కలిపి గానుగలో మెత్తగా తిప్పిస్తాడు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తాడు. గోడ తడిపి, సందుల్లో సున్నం కూరి, వేలితో నొక్కి చూసి మళ్లీ తాపీ అందుకుంటాడు. ఎంత ఓపిక! పాత స్టేషన్ల మరమ్మతు టెండర్లలో ఈ పనితనానికి తగ్గ కూలి రాయాలి.