'వాహకం' అన్న మాట చాలునా?

మలేరియాపై వచ్చే తెలుగు వ్యాసాలలో దోమను 'వాహకం' అనడం పరిపాటి. మాట సౌకర్యమైనదే కానీ తప్పుదోవ పట్టిస్తుంది. బండికి తాను మోసే సరుకుతో సంబంధం ఉండదు. దోమ సంగతి అటువంటిది కాదు. మలేరియా పరాన్నజీవిలో లైంగిక సంయోగం జరిగేది దోమ కడుపులోనే. కనుక జంతుశాస్త్రం లెక్కన ప్రధాన ఆతిథేయి దోమ, మధ్యంతర ఆతిథేయి మనిషి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ చూసినది అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల కణాలను. మన వ్యాసాలు చాలావరకు ఈ ఘట్టాన్ని వర్ణించి, 1902 నాటి నోబెల్ బహుమతితో ముగిసిపోతాయి. కానీ రాస్ కంటబడినది గోడలోకి చొరబాటు పూర్తయిన తరువాతి స్థితి. ఆ చొరబాటు ఎలా జరిగిందన్నదే అసలు ప్రశ్న.

రక్తంతో లోపలికి వెళ్ళిన బీజకణాలు కలిసి, సుమారు ఒక రోజులో, కదలగల ఊకినీటు తయారవుతుంది. ఈలోగా దోమ తాను తాగిన రక్తం చుట్టూ కైటిన్‌తో, ప్రోటీన్లతో ఒక పొర అల్లుకుంటుంది. ఊకినీటు జీర్ణరసాలను తట్టుకుని, ఆ పొరను ఛేదించి, మధ్యాంత్ర కణాలను చేరాలి. ఈ దారిలో దానికి అక్కరకు వచ్చేవి దోమ సొంత ప్రోటీన్లే. పొరలోని ఫ్రెప్‌1 దానికి పట్టు దొరికేలా చేస్తుంది. కణాల ఉపరితలం మీద ఉండే ఏపీఎన్‌1 అనే ఎంజైమును ప్రతిరక్షకాలు కప్పివేస్తే ఫాల్సిపారం ఎదుగుదల కుంటుపడుతుందని 2007లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపారు.

దీని నుంచి పుట్టిన టీకా ఆలోచన విచిత్రమైనది. దోమ ప్రోటీనును మనిషికి ఎక్కిస్తారు. మనిషిలో తయారైన ప్రతిరక్షకాలు దోమ కడుపులో పనిచేస్తాయి. టీకా వేయించుకున్నవాడికి తన జ్వరం నుంచి నేరుగా రక్షణ లేదు, మేలు కలిగేది ఇరుగుపొరుగుకు. ఊరిలో అధికభాగం ముందుకు రాకపోతే ఆ మేలూ స్వల్పమే. రోగికి లాభం లేని మందును అతని చేతికి ఎక్కించమని అడగడం శాస్త్ర సమస్య మాత్రమే కాదు, నీతి సమస్య కూడా. ఇంకొక చిక్కు కూడా ఉంది. మలేరియా సోకిన మనిషి శరీరానికి దోమ పేగు ప్రోటీను ఎదురుపడదు. అందువల్ల జ్వరం వచ్చినంత మాత్రాన ఆ ప్రతిరక్షకాలు మళ్ళీ పెరగవు.

జన్యువునే తీసివేయడం రెండవ మార్గం. 2018లో క్రిస్పర్ పద్ధతిలో ఫ్రెప్‌1 తొలగించిన అనాఫిలిస్ గాంబియే దోమలలో పరాన్నజీవి సంఖ్య బాగా తగ్గింది. అయితే ఆ దోమలు రక్తానికి అంతగా ఆసక్తి చూపలేదు, గుడ్లు తక్కువగా పెట్టాయి, లార్వాలు ఆలస్యంగా ఎదిగాయి. పరాన్నజీవి వాడుకున్న ప్రోటీను దోమకూ అవసరమైనదే మరి! ఆరుబయట మామూలు దోమలతో పోటీపడి అటువంటి సంతతి నిలవడం కష్టం.