తెగదెంపుల కాగితము: ఒక విమర్శ

కావ్యములను విమర్శించు పత్రికలో ఒక కాగితపు ముక్కను విమర్శింపబూనితిమేమని చదువరులు నవ్వకుందురు గాక. ఇరువదేండ్లుగా బడిపంతులు పనిలో నున్న మాకు, కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో కావ్యములకంటె ఎక్కువగా బ్రతుకులను మార్చు రచన ఒకటి కనబడుచున్నది. ఆలుమగలు విడిపోవునపుడు పెద్దమనుషులు కూర్చుండి స్టాంపు కాగితముపై వ్రాయించు తెగదెంపుల పత్రమే అది. చదువు వచ్చినవారమని మాచేత దానిని చదివించుకొనిన వారు కలరు; సాక్షి సంతకము పెట్టుమని అడిగిన వారును కలరు. కర్త ఎవరైనను, వాక్యములను పరీక్షించుట విమర్శకుని ధర్మమే గదా.

ముందుగా గుణములను చెప్పుదము. ఈ ప్రాంతమున పెక్కు కులములలో విడాకులును మారుమనువును తరతరములుగా ఉన్నవి. ఆదిలాబాదు గోండులలో, పొసగని కాపురమును విడిచి స్త్రీ మరియొకని చేపట్టుట మహాపరాధము కాదు. క్రొత్త మగడు పాత మగనికి పరిహారమిచ్చును, పంచులు తగవు తీర్చుదురు. 1948లో హైమెండార్ఫు పండితుడు ప్రకటించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథమును చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. శాస్త్రములు చదివిన ఇండ్లలోని స్త్రీకి మాత్రము 1955 నాటి హిందూ వివాహ చట్టము వచ్చువరకు సాధారణముగా ఇట్టి దారి లేకుండెను. ఆ చట్టము కూడ ఆచారసిద్ధమైన విడాకులను త్రోసివేయలేదు; తన 29వ సెక్షనులో నిలిపియే ఉంచినది. షెడ్యూల్డు తెగలవారికైతే, కేంద్ర ప్రభుత్వము వేరుగా ప్రకటించిననే తప్ప, ఆ చట్టమే వర్తింపదు. కావున పెద్దల తీర్పును అనాగరికమని వెక్కిరించుట మా ఉద్దేశము కాదు.

ఇక దోషములు. మొదటిది అతిశయోక్తి. "నేటినుండి వీరికి ఏ సంబంధమును లేదు" అని పత్రము పలుకును. అంత శక్తి దానికి ఎక్కడిది? ఆచారమువలన విడాకులు చెల్లినవని చెప్పువారు, ఆ ఆచారము తమ కులమున చిరకాలముగా నడచుచున్నదని న్యాయస్థానమున రుజువు చేయవలెను. ఈ సంగతిని సుప్రీంకోర్టు 2002లో స్పష్టముగా చెప్పినది. రుజువు కానిచో మొదటి పెండ్లి నిలిచియే ఉండును. దానిపై జరిగిన మారుమనువు చెల్లదు. కాగితమును నమ్మి రెండవ ఇంట అడుగిడిన ఇల్లాలు, ఏండ్ల తరువాత ఆస్తి తగాదాలో తాను భార్యనే కానని విని దిగ్భ్రాంతి చెందును. ఉభయులును సమ్మతించినచో చట్టపు దారి అంత దుర్గమము కాదు. 1976లో చేర్చిన 13-బి సెక్షను ప్రకారము, ఏడాది వేరుగా ఉన్న దంపతులు కలిసి అర్జీ వేసి, ఆరు మాసములు వేచి డిక్రీ పొందవచ్చును. తగిన సందర్భమున ఆ ఆరు మాసముల గడువును కోర్టు మన్నింపవచ్చునని 2017లో తీర్పు వచ్చినది.

రెండవ దోషము ఇంతకంటె ఘోరమైనది. పత్రమున బిందెలు, మంచము, బీరువా, పుస్తె, తిరిగి ఈయవలసిన సొమ్ము వరుసగా లెక్కకు వచ్చును. ఆ వరుసలోనే, "కొడుకు తండ్రికి, కూతురు తల్లికి" అని ఒక పంక్తి పడును. వ్యాకరణము చెప్పుకొని బ్రతుకు మాబోటివారి కన్ను అచట ఆగును. ఆ వాక్యములలో బిడ్డ ఎప్పుడును కర్మయే. ఎన్నడును కర్త కాదు. గోండుల ఆచారము కూడ, ఆలికి అంత స్వేచ్ఛ నిచ్చియు, బిడ్డలను తండ్రి వంశమునకే కట్టివేసినది. ఇట్లు తల్లివెంట వచ్చి మా బడిలో చేరిన బాలిక ఒకతెను, "మా ఇల్లు" అను వ్యాసము వ్రాయుమంటిమి. పలక దించి, "ఏ ఇల్లు రాయాలె సార్?" అని అడిగినది. తమ్ముడు తండ్రి ఊరిలో ఉన్నాడు. మేము బదులు చెప్పలేకపోతిమి.

చట్టపు వచనమును కూడ విమర్శింపకున్న పక్షపాత మగును. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ఆరవ సెక్షనున, సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన "తరువాత" తల్లి అని వ్రాసినది. అయిదేండ్లు నిండని బిడ్డ మాత్రము సాధారణముగా తల్లియొద్దనే ఉండవలెనన్నది. ఆ "తరువాత" అను ఒక్క మాట తల్లిని నలువదేండ్లకు పైగా గడపవద్ద నిలిపినది. 1999లో గీతా హరిహరన్ కేసున సుప్రీంకోర్టు, ఆ మాటకు తండ్రి చనిపోయిన తరువాత అని కాక, తండ్రి బాధ్యత వహింపని యెడల అని అర్థము చెప్పినది. మగలు గల్ఫు దేశములకు పోగా తల్లులే సంసారములు ఈడ్చు మన జిల్లాలకు ఈ వ్యాఖ్యానము విలువ వేరుగ చెప్పనేల? అదే చట్టము పదుమూడవ సెక్షనున బిడ్డ మేలే పరమ ప్రమాణమని చాటినది. వివాహ చట్టపు 26వ సెక్షను, వీలైనంతవరకు పిల్లల కోరికను గమనింపుమన్నది.

బిడ్డను కాగితముతో ధారపోయవచ్చునా అను ప్రశ్న మన తెలుగువారి కేసులోనే పూర్వము వచ్చినది. మదనపల్లె ప్రాంతపువాడగు జిడ్డు నారాయణయ్య తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందుల సంరక్షణమును 1910లో పత్రము వ్రాసి అనిబిసెంటమ్మకు ఒప్పగించి, మనసు మారి 1912లో దావా వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రిని గెలిపించినది. 1914లో ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును రద్దు చేసినది. గెలుపోటములు అటుండనిండు. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన బాధ్యత గాని సొత్తు కాదనియు, ఎట్టి ఒప్పందమున్నను బిడ్డ మేలు కోరినచో దానిని వెనుకకు తీసికొనవచ్చుననియు వారు చెప్పిరి. ఆ బాలుర పక్షము వినకయే వారి మేలును నిర్ణయించుట తగదనియు అనిరి. నూరేండ్లు దాటినను, ఈ మాటలు మన పంచాయితి అరుగుల వరకు రాలేదు.

కోర్టు దూరము, ఖర్చు, వాయిదాల మీద వాయిదాలు. పెద్దలు ఒక్క పూటలో తేల్చుదురని కొందరందురు. అది నిజమే, వాయిదాల నడుమ బాల్యమే గడచిపోవుట మేమెరుగని సంగతి కాదు. అయినను 1987 నాటి న్యాయసేవల చట్టము స్త్రీలకును బాలలకును, ఆదాయముతో పని లేక, ఉచితముగా వకీలును ఇచ్చుచున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకొనిన చాలును. పెద్దలు కోపములు చల్లార్చి సమ్మతి కుదుర్చుదురు గాక. ఆ సమ్మతిని న్యాయస్థానమున డిక్రీగా మార్చుకొనవలెను.

చదువుకొనిన గృహస్థులను మేము కోరునది ఒక్కటే. సాక్షి సంతకమునకు మిమ్ము పిలిచినపుడు, బిడ్డ ఎవరియొద్ద ఉండును, రెండవవారు ఎప్పుడెప్పుడు చూతురు, తిండికిని చదువునకును ఎవరు ఎంత ఇత్తురు, బిడ్డను ఎవరైన అడిగితిరా అని విచారింపుడు. తల్లి "నాకేమియు వద్దు" అని వ్రేలిముద్ర వేసినంతమాత్రమున బిడ్డకు రావలసిన పోషణ ఆరిపోదని చెప్పుడు. బిందెల వరుసలో బిడ్డ పేరున్న కాగితముపై సంతకము చేయకుడు. మేము చేయలేదు. మగడు ఆలిని విడువవచ్చును, ఆలు మగని విడువవచ్చును. బిడ్డకు మాత్రము తల్లిదండ్రులతో తెగదెంపులు లేవు.