ఉల్కాపాత చిత్రాలు: చిత్రకారుడు నిలబడిన చోటు

ఒక చిత్రంలో ఏమున్నదో చెప్పటం సులభం. దాన్ని చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడో, మనలను ఎక్కడ నిలబెట్టి చూపిస్తున్నాడో చెప్పటం విమర్శకుని పని. కావ్యానికి వర్తించే ఈ సూత్రం అంతరిక్ష చిత్రకళకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది. ఇక్కడ చిత్రకారుడు తన వస్తువును కంటితో చూడలేదు, చూడటానికి వీలూ లేదు. గ్రహశకలం భూమిని తాకిన దృశ్యాన్ని వేసేవాడు శాస్త్రజ్ఞుల లెక్కలను ఆధారం చేసుకొని, ఒక స్థానాన్ని తానే ఎన్నుకుంటాడు. ఆ ఎన్నికలోనే అతని దృక్పథమంతా ఇమిడి ఉంటుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. నా తరగతిలో కూర్చునే విద్యార్థుల్లో ఖగోళశాస్త్రం చదివినవారు అరుదు. అయినా 'ప్రళయం' అనే మాట పాఠంలో వచ్చినప్పుడు వాళ్ల మనసుల్లో మెదిలేది మర్రియాకు మీది శిశువు కాదు. మంటలు కక్కుతూ ఆకాశం నుంచి దిగే బండ. పాఠ్యపుస్తకమూ, సినిమా, చేతిలోని ఫోనూ కలిసి ఆ బొమ్మను వాళ్ల ఊహలో స్థిరపరచాయి. ఒక జాతి ఊహలో స్థిరపడిన బొమ్మ సాహిత్య విమర్శకు బయటి వస్తువు కాజాలదు.

ఈ తరగతి చిత్రాల్లో బహుళ ప్రచారం పొందినది డాన్ డేవిస్ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం వేసినది. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం, నేటి మెక్సికోలోని యుకటాన్ ప్రాంతాన సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం పడిన సన్నివేశం దాని వస్తువు. ముందు భాగంలో మబ్బుల మీదుగా రెక్కల సరీసృపాలు తేలిపోతుంటాయి. వెనుక సముద్రం మీద మహావిస్ఫోటం. రంగుల పొందిక, దూరాల నిర్వహణ, వెలుతురు కూర్పు ప్రశంసించదగినవి. చిత్రకారుని నైపుణ్యాన్ని శంకించటం నా ఉద్దేశం కాదు. కాని, ఈ చిత్రాన్ని చూస్తున్న మనం ఎక్కడున్నాం? మబ్బులకు పైన, ఆపద అందని చోట ఉన్నాం. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, విభావమంతా భయానకానికి చెందినది, కలిగే రసం మాత్రం అద్భుతం. కింద కోట్ల ప్రాణులు నశిస్తున్న క్షణాన మన నోట వెలువడే మాట 'ఆహా' అన్నదే. ఇది ఒక్క డేవిస్ విషయం కాదు. అతని తరువాత వచ్చిన అసంఖ్యాక అనుకరణల్లో ఆ మబ్బుల మీది పీఠమే సంప్రదాయమైపోయింది.

మరొక సంప్రదాయం కూడా ఉన్నది. అందులో రాక్షసిబల్లి నేల మీద నిలబడి, తల ఎత్తి, పొడుగాటి తోకతో తీరికగా ఆకాశాన్ని దాటుతున్న అగ్నిగోళాన్ని చూస్తుంటుంది. నిజానికి అంతటి శకలం సెకనుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. దట్టమైన వాతావరణాన్ని దాటటం దానికి కొద్ది సెకన్ల పని. తల ఎత్తి విచారించే వ్యవధి ఏ జంతువుకూ ఉండదు. చిత్రకారుడు ఆ వ్యవధిని కల్పించి, నాటకంలో నాయకుని ముఖాన పడే దీపకాంతివలె ఉపయోగించుకున్నాడు.

ఈ పొరపాట్లు చిన్నవే. పెద్ద లోపం మరొకటి. ఆనాడు భూమి మీది జాతుల్లో సుమారు ముప్పాతిక భాగం నశించాయి. వాటిలో ఆ దెబ్బకు నేరుగా బలైనవాటికంటె దాని పర్యవసానానికి బలైనవే ఎక్కువ. గంధక ధూళి, మసి ఆకాశాన్ని కమ్మి, సూర్యకాంతి తగ్గి, చలి సంవత్సరాల తరబడి నిలిచింది. మొక్క పెరగలేదు, మొక్కను తినేది బతకలేదు, దాన్ని తినేదీ బతకలేదు. చీకటీ, చలీ, ఆకలీ ఆ జాతులను తుడిచిపెట్టాయి. చిత్రకారులు మాత్రం తొలి నిమిషపు మంటను వేల మార్లు వేశారు. తరువాతి సంవత్సరాల ఆకలిని వేసినవారు బహు కొద్దిమంది.

ఆకలిని బొమ్మగా వేయటం సాధ్యమేనా? ఈ దేశంలో ఆ ప్రశ్నకు 1943లోనే జవాబు దొరికింది. బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిదునాపూరు గ్రామాల వెంట నడిచి గీసిన బొమ్మలు, జైనుల్ ఆబెదిన్ కలకత్తా వీధుల్లో గీసిన బొమ్మలు చూడండి. వాటిలో విస్ఫోటం లేదు. నల్ల సిరా, ఒక ఎముకల గూడు, ఒక ఖాళీ చిప్ప. ఆ బొమ్మల ముందు నిలబడి 'ఆహా' అనగలవారు లేరు. కారణం నైపుణ్యంలోని హెచ్చుతగ్గులు కాదు. ఆ చిత్రకారులు నేల మీద, ఆకలిగొన్నవాని ఎదుట నిలబడ్డారు. కరువులో మనుషుల పాపం ఉన్నది, గ్రహశకలానికి పాపపుణ్యాలు లేవు. ఈ రెంటినీ ఒకటిగా చూడమని నేననను. కాని దెబ్బ తగిలిన తరువాతి కాలాన్ని చూడగల కన్ను రెండు చోట్లా ఒకటే.

అంతరిక్ష చిత్రకళలో అటువంటి కన్ను ఉన్నవారు లేకపోలేదు. ఫ్రాన్సు దేశపు లూసియెన్ రూదో చిత్రకారుడే కాక స్వయంగా ఖగోళ పరిశీలకుడు. 1937లో వెలువడిన తన గ్రంథంలో అతడు చంద్రుని కొండలను గుండ్రంగా, అరిగిపోయినట్లుగా వేశాడు. దూరదర్శినిలో చంద్రబింబం అంచున కొండల రూపురేఖలను ఓపికగా గమనించి వేసిన బొమ్మలవి. అటు తరువాత ప్రసిద్ధికెక్కిన అమెరికన్ చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్ అవే కొండలను కత్తికొనలవలె నిటారుగా వేశాడు. 1949లో వచ్చిన 'అంతరిక్ష విజయం' గ్రంథంలోని అతని చిత్రాలు ఒక తరాన్ని ఉర్రూతలూగించాయి. బోన్‌స్టెల్ హాలీవుడ్ సినిమాలకు తెరలు వేసినవాడు. నాటకీయత అతని చేతిలో విద్య. మానవుడు చంద్రుని మీద దిగి తెచ్చిన ఛాయాచిత్రాల్లో కొండలు రూదో వేసినట్లే గుండ్రంగా ఉన్నాయి.

ఆ కొండలు అరిగినది కూడా తాకిడి వల్లనే. గాలీ, వానా లేని చంద్రుని మీద కోట్ల సంవత్సరాలుగా ఇసుక రేణువులంతటి ఉల్కలు ఎడతెగక పడి శిఖరాలను నునుపు చేశాయి. బోన్‌స్టెల్ కొండలు మహత్తరంగా ఉన్నాయి. రూదో కొండల్లో ఉల్కాపాతపు చరిత్ర అంతా ఉన్నది. ఒక్క పెద్ద పిడుగుకంటె లెక్కలేని చిన్న దెబ్బల పని తక్కువది కాదని రూదో బొమ్మ చెప్పకుండానే చెబుతున్నది.

మరొకరు సోవియట్ చిత్రకారుడు మెద్వెదేవ్. 1947 ఫిబ్రవరి 12న దూరప్రాచ్యంలో సిఖోతే-అలీన్ కొండల మీద ఇనుప ఉల్క ముక్కలై పడింది. అప్పుడు ఇమాన్ పట్టణంలో ఇంటి కిటికీ దగ్గర బొమ్మ వేయటానికి సిద్ధపడి కూర్చున్న మెద్వెదేవ్, అగ్నిగోళాన్ని చూసి, చూసినది చూసినట్లు వేయసాగాడు. పదేళ్ల తరువాత 1957లో ఆ చిత్రాన్ని తపాలా బిళ్ల మీద ముద్రించారు. అందులో ఇళ్ల కప్పులున్నాయి, మంచు ఉన్నది, వీటి మీదుగా పొగచారను విడుస్తూ పోయే అగ్నిగోళం ఉన్నది. ఆకాశంలో జరిగినదానికి కొలబద్ద మనుషుల ఇల్లే. దాని ముందు నిలిచినప్పుడు మనం ఆ వీధిలోనే ఉంటాం.

చూసే చోటును గురించిన ఈ చర్చ కేవలం సౌందర్యశాస్త్ర చర్చ కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం దాపున సుమారు 20 మీటర్ల శకలం ఆకాశంలోనే పేలింది. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు వచ్చింది. జనం కిటికీల దగ్గరకు చేరి చూస్తున్నారు. రెండు నిమిషాలు దాటిన తరువాత గాలి దెబ్బ వచ్చి తాకింది. కిటికీల గాజు పగిలి, ఆ ముక్కలు గుచ్చుకొని గాయపడినవారే ఎక్కువ. సుమారు 1,500 మంది వైద్యానికి వెళ్లవలసివచ్చింది. ఒక బడిలో ఉపాధ్యాయురాలు పిల్లలందరినీ బల్లల కిందికి దూరమన్నది. వాళ్లకు దెబ్బ తగలలేదు. నిలబడే ఉన్న ఆమెకు తగిలింది.

వెలుగుకూ, దెబ్బకూ మధ్య ఉన్న ఆ రెండు నిమిషాలను ఏ చిత్రం మనకు నేర్పింది? వెలుగంటేనే అంతం అని చూపే బొమ్మల మధ్య పెరిగినవాడు, వెలుగు వచ్చి తాను బతికి ఉంటే, గండం గడిచిందనే అనుకుంటాడు. కిటికీ దగ్గరకే వెళతాడు. ఉరుము మెరుపు తరువాత వస్తుందని పల్లెటూరి పిల్లవాడికి తెలుసు. ఆ తెలివిని ఈ కళ తన ప్రేక్షకునికి అందించలేదు. నేను నివసించే శాలిబండలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. పాత గోడలు, కొత్త గాజు కిటికీలు, కింద దుకాణాలు. అటువంటి వెలుగు ఇక్కడి ఆకాశంలో వస్తే ఎవరు ఎటు జరగాలో చెప్పే బొమ్మ ఒక్కటి గోడ మీద ఉండటం, మబ్బుల మీది మహాదృశ్యాలు నూరు ఉండటంకంటె మేలు.

శాలిబండ పేరెత్తాను కాబట్టి మన నేల విషయం చెప్పాలి. 'బండ' అన్న మాట తెలుగువాని చెవికి రాయిగానే వినిపిస్తుంది. ఈ నగరం కింద ఉన్న నల్లసేనపు రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. యుకటాన్ ఉత్పాతం దానికి నిన్నటి సంగతి. ఇక్కడికి పడమరగా వికారాబాదు వైపు వెళితే రాయి మారుతుంది. నల్లని లావా రాయి, దాని మీద నల్లరేగడి మొదలవుతాయి. దక్కను లావాలు సరిగ్గా ఆ కాలపువే. గ్రహశకలం పడకముందే మొదలై, పడిన తరువాతా లక్షల సంవత్సరాలు సాగిన ప్రవాహాలవి. జాతుల వినాశంలో వాటి పాలు ఎంత అన్న చర్చ శాస్త్రజ్ఞుల్లో నేటికీ సాగుతున్నది. గ్రహశకలానిదే ప్రధాన పాత్ర అన్నవారు ఎక్కువ. ఏమైనా ఆ అంకంలో రెండో రంగస్థలం దక్కను. ఆ రంగస్థలం ప్రసిద్ధ చిత్రాల్లో దాదాపుగా లేదు. ఒక్క క్షణంలో ముగిసే యుకటాన్ కుంచెకు లొంగింది. లక్షల ఏళ్లు సాగిన దక్కను లొంగలేదు. మన రైతు పత్తి వేసుకునే నేల ఆ కథలోని భాగమని మన పిల్లలకు చూపే చిత్రం రావలసి ఉన్నది.

లేని చోట తప్పుడు బొమ్మ చేరుతుంది. మన నగరంలోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం నాటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కూర్చినది. 1988లో దానికి ఆ పేరు పెట్టారు. ఆ జంతువు యుకటాన్ ఉత్పాతానికి పది కోట్ల సంవత్సరాలకు పైగా ముందే అంతరించింది. అయినా దాన్ని చూసే పిల్లవాడికి తలపైన మండే బండ కనిపిస్తూనే ఉంటుంది. ప్రతి రాక్షసిబల్లికీ ఒకే చావును అంటగట్టినది ఆ అలవాటు పడిన బొమ్మే.

కళ పాఠ్యపుస్తకం కాదు, అద్భుత రసం మానవుని హక్కు అని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చు. హక్కే. కాని అద్భుతానికి నేలను విడిచిపోవలసిన అవసరం లేదని మన సాహిత్యంలోనే నిదర్శనం ఉన్నది. 1910లో హాలీ తోకచుక్క కనిపించి లోకం హడలిన సమయాన గురజాడ 'ముత్యాల సరాలు' రాశాడు. ఊరు అరిష్టమని వణికే ఆ చుక్కను ఆయన భూమికి అయినవానిగా చూశాడు. సంఘం ముందుకు సాగే ప్రయాణానికి గుర్తుగా నిలిపాడు. ఆ కవితలో అద్భుతానికి లోటు లేదు. మాట్లాడేది మాత్రం భార్యాభర్తలు. ఆకాశపు వింతను ఇంటి మాటల మధ్యకు తెచ్చిన ఆ చూపు నూరేళ్లకు పైబడినా పాతబడలేదు.

ఈ కాలంలో వచ్చిన తాకిడి చిత్రాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది కుంచెతో వేసినది కాదు. 2022 సెప్టెంబరు 26న డార్ట్ అనే వ్యోమనౌకను డైమోర్ఫస్ అనే 160 మీటర్ల శకలానికి కావాలని ఢీకొట్టించారు. నౌకలోని కెమెరా చివరి క్షణం దాకా బొమ్మలు పంపింది. మంట లేదు, తోక లేదు. దగ్గరవుతున్న రాళ్లు, గులకలు మాత్రమే. ఆఖరి బొమ్మ సగంలో తెగిపోయింది. ఆ దెబ్బకు శకలం పరిభ్రమణ కాలం అరగంటకు పైగా తగ్గింది. తల ఎత్తి చావు కోసం ఎదురు చూడటం తప్ప గతి లేదన్న బొమ్మకు ఆ తెగిన బొమ్మ సమాధానం. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే శకలం భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున దాటిపోనున్నది. తాకదని లెక్కలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ రోజుకు చిత్రాలు కుప్పలుగా వస్తాయి. వాటిని చూసేటప్పుడు మన పాఠకులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ బొమ్మ మనలను మబ్బుల మీద కూర్చోబెడుతున్నదా, వీధిలో మన ఇరుగుపొరుగుతో నిలబెడుతున్నదా? వీధిలో నిలబెట్టిన చిత్రకారుణ్ణి, అతని గీత కొంచెం మొరటుగా ఉన్నా, మనవాడని ఆదరించుదాం.