వర్ణపదములును వర్ణదర్శనమును

అష్టాధ్యాయి నాలవ యధ్యాయమున రెండవ పాదము రంగద్దకముతో నారంభమగుచున్నది. ఏ రాగముచేత వస్త్రము రక్తమైనదో యా రాగమును జెప్పు పదముమీఁదఁ బ్రత్యయము వచ్చునని పాణిని విధించెను. కషాయమునఁ దడిసినది కాషాయము. మంజిష్ఠ నద్దినది మాంజిష్ఠము. సూత్రమున రాగమని యేల చెప్పవలెనని ప్రశ్నించుకొని, కాశికావృత్తి దేవదత్తునిచే రంగద్దఁబడిన వస్త్రమును బ్రత్యుదాహరణముగాఁ జూపినది. అద్దినవాని పేరు గుడ్డ కంటదు. అద్దిన చెక్క పేరు, వేరు పేరు, పసుపుకొమ్ము పేరు మాత్రమే యంటును. రంగరేజునకుఁ దలవంపైనను ఈ విధి రంగునకు గౌరవమే చేసినది. వర్ణమనునది కంటికిఁ గనఁబడు గుణమాత్రము కాదు, ఒక వస్తువునుండి మఱొక వస్తువునకు సంక్రమించిన దని యా తద్ధితము తెలుపుచున్నది.

ఇంతటితో వ్యాకర్తలు విడువలేదు. గాడిదచెవులు కాషాయములనియుఁ గోడికాళ్లు హారిద్రములనియు లోకమున వ్యవహారము కలదు గదా, వాని నెవ్వ రద్దిరి? ఉపమానమువలన సిద్ధించునని సమాధానము. అద్దినట్లున్నవి కావున నట్లనుచున్నారు. పాఠము చెప్పువారు తఱచుగా నీ సమాధానమును దాఁటి ముందునకుఁ బోవుదురు. నిలిచి చూచినచో నిందొక విశేషము గోచరించును. ముందుగాఁ గంటఁబడినది రంగుతొట్టిలోని గుడ్డ. దాని నెఱిఁగిన కంటికిఁ దరువాతఁ గోడికాలు పసుపద్దినట్లు తోఁచినది. లోకములోని వర్ణమును జూచుటకుఁ జేతిపని కన్నునకు నేర్పిన నేర్పిది. కావ్యములయందలి వర్ణకల్పనలను బరీక్షించుటకు నిది మంచి యొరగల్లు.

కీర్తి తెల్లన, అపకీర్తి నల్లన, అనురాగ మెఱ్ఱన యను కవిసమయములు పాఠశాలలందుఁ బట్టికగాఁ జెప్పఁబడుచున్నవి. అవి నిరర్థకములని యెవ్వరు ననరాదు. పూర్వకావ్యముల నర్థము చేసికొనుట కవి తాళపుచెవులు. అయితే యా పట్టికను వల్లించిన విద్యార్థి పద్యము వ్రాయఁబూనినప్పుడు చంద్రుఁడు, హంస, మల్లెపూవు, పాలసముద్రము వరుసగా వచ్చి నిలుచును. వానిలోఁ జంద్రునిని మల్లెపూవును దక్క నతఁడు చూచినది లేదు. ఆ రెంటినైన నా పద్యముకొఱకుఁ జూడలేదు. అతని దోషమును మన్నింపవచ్చును గాని, యట్టి పద్యములకే పేరు పెట్టి మార్కులు వేయు విమర్శను మన్నించుట కష్టము.

ఆముక్తమాల్యదలో విలుబుత్తూరి వర్ణనమునఁ గృష్ణదేవరాయలు కూర్చిన యొక దృశ్యమును దీనికెదుట నిలుపవలెను. బాతులు తలలను ఱెక్కలలోఁ గ్రుక్కుకొని పొలములోని కాలువలలో నిద్రించుచుండును. తలారులు వానిని జూచి, వేకువను స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు పిండి మఱచిన బట్టలని భ్రమపడి, వారి యిండ్లకుఁ జేర్పఁదలఁచి రేవులలో దిగుదురు. బాతులు లేచి పరుగిడును. వరిచేలు కాయు పడుచులు నవ్వుదురు. ఈ పద్యమును బ్రశంసించినవారు స్వభావోక్తినో భ్రాంతిమదలంకారమునో పేర్కొని తృప్తిపడిరి. పద్యమునఁ దెలుపను పదము లేకపోవుట వారు గమనింపవలసిన విషయము. ధవళము లేదు, శ్వేతము లేదు. అయినను జదువరి కన్నులకుఁ గట్టునది తెలుపే, అదియు హంసతెలుపు గాదు; పలుమా ఱుదికి పిండిన నూలుబట్ట తెలుపు, వేకువ మసకలోని తెలుపు. మెలిపడిన గుడ్డకును ముడుచుకొన్న ఱెక్కకును గల యాకారసామ్యము వర్ణసామ్యమును మోయుచున్నది. మడుగుబట్ట నుతికి పిండుట నెన్నఁడును జూడని కవికి నీ తెలుపు లభింపదు. గాడిదచెవులయందు వ్యాకర్తలు చూపిన మార్గమే యిది: ముందు గుడ్డ, తరువాత జంతువు.

ఇట్టి చూపునకుఁ గావలసిన పదసంపద తెలుఁగునాట నేఁటికిని గలదా యను ప్రశ్నకు నుమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమునందలి మూఁడూళ్లు చాలినంత సమాధాన మీఁగలవు. అవి పుంగనూరు, మదనపల్లె, కుప్పము.

పుంగనూరు పేరు చెప్పఁగానే ఇంచుమించు మూఁడడుగుల యెత్తుగల పొట్టియావు స్ఫురించును. ఆ జాతిని బలమనేరు పశుపరిశోధనస్థానమునఁ గాపాడుచున్నారు. ఈ యావులలోఁ దెల్లనివి, బూడిదవన్నెవి, లేఁతగోధుమవన్నెవి, ముదురువన్నెవి, రెండు వన్నెలు కలసినవి కలవు. పశువుల వన్నెలకుఁ దెలుఁగునఁ బ్రత్యేకపదములున్నవి: పుల్ల, కపిల, కఱ్ఱి, బొల్లి. పుల్లావనిన నర్థమగును, అదే వన్నె గుడ్డను జూపి పుల్లచీర యనిన నవ్వుదురు. ఇది పల్లెవారి యజ్ఞానమని తలఁచు పండితులు మహాభాష్యమును మఱల విప్పవలెను. ఎఱుపు సమానమైనను ఎద్దు లోహితము, గుఱ్ఱము శోణము. నలుపు సమానమైనను ఎద్దు కృష్ణము, గుఱ్ఱము హేమము. తెలుపు సమానమైనను ఎద్దు శ్వేతము, గుఱ్ఱము కర్కమని పతంజలి లోకవ్యవహారమునే ప్రమాణముగాఁ జూపెను. ఆశ్రయము మాఱఁగా గుణము పేరు మాఱుచున్నది. పశువులకాపరి పుల్ల యన్నప్పుడు వన్నెను మాత్రమే కాక, వెండ్రుకను, చర్మమును, ఎండలోఁ గదలు మేనును గలిపి యనుచున్నాఁడు. మన నిఘంటువులలో నిట్టి పదముల కెదుట ఒక వర్ణభేదమని వ్రాసి ముగించుట చూచునపుడు, నిఘంటుకర్త పశువులకొట్టము గడప దాఁటలేదను సందేహము కలుగును.

మదనపల్లెలోఁ జెప్పవలసినది యెక్కువ. ఆ యూరి నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేఁతకుఁ బ్రసిద్ధము. చుట్టుపట్ల మల్బరీతోఁటలు, పట్టుపురుగుల పెంపకము కలవు. పురుగు మల్బరీయాకును దిని, గూడు కట్టుటకు సిద్ధమైనప్పుడు మేను పసిమి తిరిగి వెలుఁగు దూఱునట్లగును. అప్పుడు పురుగు పండినదందురు, పండ్లకుఁ జెప్పునట్లే. పండు పురుగుల నేఱి చంద్రికలమీఁద వేయుదురు. మైసూరుజాతి సంకరపురుగులు కట్టిన గూళ్లు పసుపుపచ్చనివి. ఆ పసుపు ఆకులోనిదేయని నేఁటి శాస్త్రము నిర్ణయించినది. ఆకుపచ్చదనముక్రింద దాఁగియున్న పసుపుద్రవ్యము పురుగు నెత్తురునఁ జేరి, దారమునకుఁ బైపూతయైన జిగురులో నిలుచును. దారమును సబ్బునీట నుడికించి జిగురు తీసినతోడనే పసుపు వదలిపోయి పట్టు తెల్లనగును. ఆ తెల్లనిదానికే రంగు వేయుదురు. ఆకునుండి పురుగునకు, పురుగునుండి గూటికి నడచిన యీ రంగును గూర్చి పాణిని సూత్రమున కొక యుదాహరణము కల్పింపవచ్చును.

ఆ యూరనే టమాటా సంత కలదు. దూరపు సంతలకుఁ బంపు కాయను బూర్తిగా నెఱ్ఱవాఱకమునుపే, దోరగా నున్నప్పుడే కోయుదురు. దోర యనునది పచ్చి కాదు, పండు కాదు, రంగు పేరును గాదు. అయినను బచ్చదనములో నెఱుపు చొచ్చుచున్న క్షణమును దానికంటె నిపుణముగాఁ జెప్పు పదము సంస్కృతమున వెదకినను సులభముగా దొరకదు. సంధ్యను వర్ణించు కవులు పద్మరాగములను గుంకుమను వాడివాడి యలసిరి గాని, ఆకాశము దోరగా నున్నదని యన్నవాఁ డేఁడి?

పచ్చ యను పదము విచారించుట కిప్పుడు తఱి యైనది. బ్రౌను 1852 నాఁటి నిఘంటువున దీనికిఁ బసుపు, ఆకువన్నె యను రెండర్థములు నిచ్చెను. రెండు వేఱు రంగుల కొక్క పేరుండుట భాషాదారిద్ర్యమని యాంగ్లము చదివినవారు కొందఱు చిన్నఁబుచ్చుకొందురు. పచ్చి, పచ్చిక, పసిమి, పసుపు, పసిఁడి యను పదములన్నియు నొక్క ధాతువుననుండి వచ్చినవి. ఆ ధాతువు మొదట రంగును జెప్పలేదు. లేఁతదనమును, తడిని, ప్రాణము గల స్థితిని జెప్పినది. చిగురునందు నదే, పచ్చిపసుపుకొమ్మునందు నదే. మల్బరీయాకునందలి పచ్చయే గూటియందలి పచ్చ యని పట్టుకాపు కనులార చూచుచునే యున్నాఁడు. భాష తికమకపడలేదు, రెండు వన్నెలకును మూలమైన దానికిఁ బేరు పెట్టినది.

తెలుఁగు, తమిళము, కన్నడము కలియు కుప్పమునకుఁ బోయినచో నీ విషయము మఱింత స్పష్టమగును. తమిళుని పచ్చై ఆకువన్నె మాత్రమే. పసుపునకు వారు మంజళ్ అందురు. కన్నడిగుని హసిరు నాకువన్నెయే, పసుపునకు హళది. ధాతువొక్కటి, పంపక మూఁడు విధములు. 1997లో స్థాపింపఁబడిన ద్రావిడ విశ్వవిద్యాలయ మా యూరనే యున్నది. విద్యార్థులు వీథిలోఁ గూరగాయలు బేరమాడుచునే యీ పరిశోధన సాగింపవచ్చును. అచ్చటి కొండలనుండి తీసిన పచ్చఱాయి కుప్పం గ్రీన్ అను పేర దేశదేశములకుఁ బోవుచున్నది. మెఱుఁగు పెట్టి నీరు చల్లినఁగాని దాని వన్నె బయటపడదు. నవరత్నములలో మరకతమునకుఁ బచ్చ యని పేరున్న భాషలో వర్తకులు దీని నాంగ్లనామమునఁ బిలుచుట వింత.

1969లో బెర్లిను, కే యను నమెరికా పండితులిరువురు 98 భాషలలోని మూలవర్ణపదములను బోల్చి, భాషలన్నియు నొక క్రమముననే రంగుల పేర్లు సంపాదించుకొనునని సిద్ధాంతము చేసిరి. వారి సాధనము 329 రంగుబిళ్లలు. ఆ సిద్ధాంతమున సత్యాంశము లేదనుట సాహసము. కాని బిళ్లకుఁ దడి లేదు, పచ్చిదనము లేదు, అది యెద్దు కాదు, గుఱ్ఱము కాదు. బిళ్లను జూపి యడిగినప్పుడు పుల్ల, దోర యను పదములు నోటికి రావు; రాలేదు గనుక లేవని లెక్కవేయుదురు. బిళ్లలు పరీక్షించునది యొక్క కంటినే. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి జనగణమన గీతమును దానే యాంగ్లీకరించిన రవీంద్రునకు నెఱుపును నాకుపచ్చను వేఱుపఱచు శక్తి తక్కువయని తరువాతి పరిశోధకులు తలఁచిరి. బిళ్లల పరీక్షలో నాయన తప్పియుండును. అట్టి కన్నుతోనే యాయన వృద్ధాప్యమునఁ గుంచె పట్టి 1930లోఁ బారిసునందుఁ దన చిత్రములను బ్రదర్శించెను.

సూత్రమును యథాతథముగాఁ జూడఁగోరువారు శ్రీకాళహస్తి కలంకారివారి యొద్దకుఁ బోవలెను. గుడ్డను గరక్కాయపొడి కలిపిన పాలలో నానఁబెట్టి యారవేయుదురు. ఇనుపముక్కలు బెల్లపునీటఁ బులిసిన ద్రవముతోఁ గలము పట్టి గీయఁగానే కరక్కాయ సోఁకిన చోట గీఁత నల్లనగును. ఎఱుపు కావలసినచోట వ్రాయునది యెఱుపు కాదు, పటికనీరు. అది యెండిన పిదప వేళ్లతోడను జెక్కలతోడను గుడ్డ నుడికించినప్పుడు పటిక తగిలిన తావులు మాత్రమే యెఱ్ఱనగును. చిత్రకారుఁడు లేని యెఱుపును ముందుగా మనసునఁ జూచి వ్రాయుచున్నాఁడు. దీనిని మించిన కవిశిక్ష యే యలంకారగ్రంథమునను లేదు.

అద్దకపువేళ్లనుండి తీయు ఎఱ్ఱనిసారమైన ఆలిజరినును 1868లో జర్మనీలోని రసాయనజ్ఞులు వేరుతోఁ బనిలేక సాధించిరి. 1897నుండి నీలిమందును గర్మాగారములనుండి వచ్చుచున్నది. నీలితో నద్దినది నీలమని వార్త్తికము. నేఁటి నీలిచీరలోఁ జాలవఱకు నీలిచెట్టు లేదు. దానికి నీలమను రూపము సాధింపఁగోరు వైయాకరణునకు గాడిదచెవుల సమాధానమే శరణ్యము. నీలితో నద్దినట్లున్నది కావున నీలము. ఉపమేయముగా నుండవలసిన కోడికాలు మాత్ర మిప్పటికిని దన పసుపుతోనే తిరుగుచున్నది.