గుర్రం మీద కూర్చోవడమూ ఒక విద్యే

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ అనగానే చాలామందికి గాలిలోకి లేచే తెల్లని లిపిజ్జానర్ గుర్రాలే గుర్తొస్తాయి. ఆ విన్యాసాలు మెచ్చుకోదగ్గవే. అయితే ఆ సంస్థ అసలు పనితనం తెలియాలంటే, కొత్తగా చేరిన విద్యార్థికి చెప్పే తొలి పాఠం చూడాలి.

ఆ పాఠంలో విద్యార్థి చేతికి పగ్గాలివ్వరు, కాళ్లకు రికాబులుండవు. గురువు ఏడెనిమిది మీటర్ల తాడు పట్టుకుని నడిమధ్య నిలబడి, గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పుతాడు. గుర్రాన్ని నడిపే బాధ్యత ఆయనదే. విద్యార్థికి మిగిలిన పని కుదురుగా కూర్చోవడం ఒక్కటే. గుర్రం ట్రాట్ అనే దుడుకు నడకలో సాగుతుంటే అడుగడుగునా వీపు ఎగసిపడుతుంది. భయపడి మోకాళ్లు బిగిస్తే ఒళ్లు జీను మీద ఎగిరెగిరి పడుతుంది. నడుము వదులు చేసి ఆ ఊపుతో కలిసిపోతేనే నిలకడ వస్తుంది. పగ్గం రెండో కొస గుర్రం నోట్లో ఉంటుంది కనుక, రౌతు తూలినప్పుడల్లా పగ్గం పట్టుకు వేలాడితే నొప్పి గుర్రానికే. ఆ దురలవాటు పుట్టకముందే ఆపడం ఈ పద్ధతి గొప్పతనం.

ఇక గురువు పనితనం చూడండి. తాడు, కొరడా, గుర్రం దేహం కలిసి ఒక త్రికోణం. తాడును మడతలుగా పట్టుకుంటాడే తప్ప చేతికి చుట్టుకోడు. చుట్టుకుంటే, గుర్రం బెదిరి లాగినప్పుడు వేళ్లు నలిగిపోతాయి. కొరడా ఉన్నది కొట్టడానికి కాదు. దాని కొస వెనకకాలి వైపు తిరిగితే ముందుకు సాగమని, భుజం వైపు తిరిగితే లోపలికి రావద్దని అర్థం. గురువు గుర్రం భుజానికి కాస్త వెనగ్గా ఉంటే అది ముందుకు పోతుంది, ముందు వైపుకు జరిగితే నెమ్మదిస్తుంది. అంతసేపూ ఆయన చూపు అడుగుల మీదే. వెనకకాలు ముందుకాలి జాడను అందుకుంటోందా? మెడ చాచి, కిందికి దించి, కళ్లేన్ని మెత్తగా నములుతోందా? వీపు బిగుసుకోకుండా కదులుతోందా? ఈ మూడూ కుదిరితే గుర్రం మనసు పనిలో ఉన్నట్టే.

ఆరో చార్లెస్ చక్రవర్తి కట్టించిన శిక్షణ మందిరం 1735లో పూర్తయింది. అక్కడి పద్ధతికి మూలమైన, ఫ్రెంచ్ అశ్వశిక్షకుడు గెరినియర్ రాసిన గ్రంథం 1733 నాటిది. అయినా విద్య అంతా పుస్తకంలో లేదు. పండిన గుర్రం కొత్త రౌతుకు, పండిన రౌతు కొత్త గుర్రానికి నేర్పడం అక్కడి సంప్రదాయం. 2015లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. 1939 నుంచి సంస్థను నడిపిన ఆలోయిస్ పొధాయ్‌స్కీ కూడా అంతకుముందు అక్కడ విద్యార్థే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్ (గుర్రపు విన్యాసాల) పోటీలో ఆయన కాంస్యం గెలిచారు.

2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన జట్టు ఇదే డ్రెస్సేజ్‌లో స్వర్ణం సాధించింది. ఈ విద్య మీద మనసుపడే మన పిల్లలు పుస్తకాలు చదవాలి, శిక్షణ శిబిరాలకు వెళ్లాలి. వెళ్లినప్పుడు గుర్రం విన్యాసాలతో పాటు, తాడు పట్టిన మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎప్పుడు కదిలాడో గమనించాలి. పగ్గాలు అందుకోవడానికి తొందరపడొద్దు. ముందు కూర్చోవడం నేర్చుకోండి.