దీపానికే మొదటి పైసా
(ముందుమాట)

మా తిరుమలగిరిలో నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఉద్యోగం మీద గుంటూరు జిల్లాకు పోయి చాలా ఏండ్లు అక్కడే ఉన్నది. మొన్న సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఒక రాతప్రతి నా చేతిలో పెట్టి, "సార్, ముందుమాట మీరే రాయాలె" అన్నది. తెరిచి చూస్తే యూదుల విశ్రాంతి దినపు ద్రాక్షారస ఆశీర్వాదం, దాని వెంట భోజనం, ఆ రెంటి నియమాలు. ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని పిల్లలకు చూపించి బౌద్ధుల ఆచారాలు చెప్పినవాణ్ణే గాని, యూదుల సంగతి నేను బైబిలు తెలుగులో చదివినంత వరకే. రెండు రోజులు రాతప్రతిని బల్ల మీదనే ఉంచాను. మూడో రోజు మొదలుపెట్టి, చివరి పుట దాకా లేవలేదు.

ఈ పుస్తకం ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉన్నది. అక్కడి బెనె ఎఫ్రాయిం వారు తెలుగు మాట్లాడే యూదులు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన వీరు తమను ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకుంటారు. 1990ల తొలినాళ్ల నుంచి వారికి ఊళ్లో సొంత ప్రార్థనా మందిరం ఉన్నది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీరి గురించి రాసిన పరిశోధన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు అచ్చువేశారు. వంశమూలం గురించి పండితుల చర్చ పండితులు చేసుకుంటారు. ఈ అమ్మాయి అడిగిన ప్రశ్న వేరు: తెలుగు ఇంట్లో శుక్రవారం పొద్దుగూకినాక ద్రాక్షారసపు గిన్నె ఎత్తడానికి ఏ నియమాలు ఉన్నాయి, ఎందుకు ఉన్నాయి? దానికి జవాబు వెతుకుతూ ఆమె యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తల్ముదు దాకా నడిచింది.

యూదులకు దినం సాయంత్రంతో మొదలవుతుంది, కనుక శనివారపు విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రమే వస్తుంది. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే దీపాలు వెలిగిస్తారు. తర్వాత ద్రాక్షారసం నిండిన గిన్నెను కుడిచేత ఎత్తి చెప్పే ఆశీర్వాదమే కిద్దూషు. పవిత్రపరచడం అని ఆ మాటకు అర్థం. విశ్రాంతి దినాన్ని జ్ఞాపకం చేసుకోమన్న బైబిలు నిర్గమకాండపు ఆజ్ఞను, ద్రాక్షారసం మీద జ్ఞాపకం చేసుకోమని తల్ముదు పండితులు వివరించారు. ఆ ఆజ్ఞ మగవారికి ఎంతో ఆడవారికీ అంతే. గిన్నె లోపలా బయటా కడిగి ఉండాలి, నిండుగా ఉండాలి. ఎంత గిన్నె అంటే, ఒకటిన్నర కోడిగుడ్డు పట్టేంత. ఆ పాత కొలత నేటి లెక్కలో 86 మిల్లీలీటర్లని రబ్బీ హయ్యీం నాయె, 150 అని హజోన్ ఈష్‌గా పేరుపొందిన పండితుడు తేల్చారు. ఇంత చిన్న గిన్నె కోసం ఇంత విచారణ ఎందుకని తొందరపడే పాఠకుడికి ఈ పుస్తకం ఓపికగా బదులు చెబుతుంది.

ఈ నియమాలన్నీ కూర్చిన గ్రంథం షుల్హాన్ అరూఖ్. 16వ శతాబ్దంలో యోసేఫు కారో రాయగా, 1565లో వెనిస్‌లో అచ్చయింది. సిద్ధంచేసి పెట్టిన భోజనపు బల్ల అని ఆ పేరుకు అర్థం. మన మాటలో వడ్డించిన విస్తరి. ధర్మశాస్త్రానికి అన్నం పేరు పెట్టుకున్నారని తెలిసిన చోటనే నాకు ఈ పుస్తకం మీద ప్రేమ పుట్టింది. భోజనం ఎక్కడో కిద్దూషు అక్కడే అన్న నియమం కూడా ఆ పేరుకు తగినదే. మందిరంలో ఎంత ప్రార్థన చేసి వచ్చినా, తినే చోట గిన్నె ఎత్తకుంటే ఆ రాత్రి బాధ్యత తీరదు. దేవుడి మాటను పీట దగ్గరికి, పిల్లల మధ్యకు తెచ్చే నియమం ఇది.

రొట్టెల అధ్యాయం నేను మళ్లీ మళ్లీ చదివాను. అరణ్యంలో ఇశ్రాయేలు వారికి దేవుడిచ్చిన ఆహారం మన్నా శుక్రవారం నాడు రెండింతలు దొరికినదానికి గుర్తుగా తుంచని రొట్టెలు రెండు పెడతారు. కిద్దూషు ముగిసేదాకా వాటి మీద బట్ట కప్పుతారు. ద్వితీయోపదేశకాండం ఆ దేశపు పంటలను చెప్పేటప్పుడు గోధుమ ముందు, ద్రాక్ష తర్వాత. ఆ వరుసన మొదటి ఆశీర్వాదం రొట్టెది. ఈ రాత్రి ద్రాక్షారసం ముందుకు వచ్చింది కనుక, రొట్టె చిన్నబోకుండా దాని ముఖం కప్పాలన్నారు పూర్వులు. రొట్టెకే ఇంత మర్యాద చేసే బల్ల దగ్గర, వండిన మనిషిని ఒక మాట అనడానికి నోరు ఎట్లా వస్తుంది?

మన నేల మీద ఈ నియమాలు ఎట్లా నిలుస్తాయన్నది రచయిత్రి సొంత కృషి. రొట్టె ఆశీర్వాదం గోధుమ, యవలు మొదలైన ఐదు ధాన్యాలకే. మన జొన్నరొట్టె ఆ వరుసలో లేదు, వరి అన్నానికి వేరే ఆశీర్వాదం ఉంది. కనుక ఇక్కడ గోధుమ రొట్టె చేసుకోవాలి. ద్రాక్షారసం దొరకని చోట ఎండుద్రాక్షను నానబెట్టి తీసిన రసానికి తల్ముదు ఒప్పుకున్నది. శనివారం గానుగ ఆపేవారు గనుక శనివార తేలీలని, అంటే శనివారపు నూనెవాళ్లని, పేరొచ్చిన కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలు వారు ఆ రసంతోనే కిద్దూషు చెబుతారు. అదీ లేకుంటే శుక్రవారం రాత్రి రొట్టె మీదనే చెప్పవచ్చు.

బాబిలోనులో అమెమార్ అనే పండితుడి కథ ఇక్కడ చక్కగా కుదిరింది. ఆయన ఒక ఊరికి పోతే, విశ్రాంతి దినాన్ని సాగనంపే హవ్దలాకు ద్రాక్షారసం దొరకలేదు. స్థానికులు తాగే షికారు అనే మద్యం తెచ్చి ఇస్తే ఒప్పుకోక పస్తు పడుకున్నాడు. మర్నాడు వాళ్లు తిప్పలుపడి ద్రాక్షారసం తెచ్చారు. మరుసటి ఏడు మళ్లీ అదే కొరత. అప్పుడు, ఇది ఈ దేశపు మద్యమేనని ఒప్పుకొని దానితోనే హవ్దలా చెప్పాడు. ఈత కల్లు గీసే సీమలో పుట్టిన నాకు ఆ పండితుడు దగ్గరివాడయ్యాడు. అట్లాగని మన బోనాల సాక, వారి కిద్దూషు ఒకటేనని రచయిత్రి ఎక్కడా అనలేదు. సాక అమ్మవారికి ధారపోసేది, కిద్దూషు గిన్నె ఇంటివాళ్లు తాగేది. పోలిక దగ్గర ఆగాల్సిన చోట ఆగడం ఈ పుస్తకంలోని పెద్ద గుణం.

ఒక్క సలహా. హీబ్రూ మాటల పక్కన తెలుగు అర్థం మొదటిసారి మాత్రమే ఇచ్చింది. వచ్చే ముద్రణలో చివర ఒక పదపట్టిక చేరిస్తే నా వయసు పాఠకులకు మేలు.

అన్నిటికన్న నా మనసులో నిలిచిన నియమం ఒకటుంది. దీపానికో, కిద్దూషు రసానికో ఒక్కదానికే పైసలుంటే ఏది కొనాలి? దీపమే అన్నది తల్ముదు, ఇంటి శాంతి కోసం. చీకటి ఇంట్లో ఒకరికొకరు తట్టుకుంటూ, విసుక్కుంటూ తినే బువ్వ పండుగ కాదు. పవిత్రమైన గిన్నె సైతం ఇంటివాళ్ల ముఖాలు కనపడే వెలుతురు తర్వాతనే. ఇది చదివినప్పుడు మా అమ్మ కళ్లముందు నిలిచింది. గాసునూనె కొద్దిగా ఉన్న రాత్రులు ఆమె దేవుడి గూటికి దండం పెట్టి, ఉన్న నూనె కందిలిలో పోసి మా కంచాల ముందు పెట్టేది. అడిగితే, "పిల్లలు చీకట్ల తింటే దేవునికి మాత్రం నచ్చుతదా?" అనేది. బాబిలోను పండితులను ఆమె ఎరుగదు. ఆ ధర్మం మాత్రం ఆమెకు తెలుసు.

అమ్మాయీ, లేని ఇంటిని మనసులో పెట్టుకొని రాసిన శాస్త్రాన్ని నువ్వు లేని ఇంటి భాషలో చెప్పినవు. ఈ పుస్తకం కొత్తరెడ్డిపాలెంలోనూ, మన తిరుమలగిరిలోనూ కందిలి ముందు కూర్చున్న వాళ్ల చేతుల్లోకి చేరాలని దీవిస్తున్నాను.

తిరుమలగిరి, సూర్యాపేట జిల్లా
నీ పాత తెలుగు సారు