నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు

తమిళనాడులోని కోవిల్‌పట్టికి అగ్గిపెట్టెల పరిశ్రమ ఎందుకొచ్చిందని ఆ ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు. ఇది కరవు నేల, గాలి పొడిగా ఉంటుంది, పుల్లకు అద్దిన మందు తొందరగా ఆరుతుంది, అందుకే వచ్చింది అంటారు. వినగానే నమ్మబుద్ధేసే మాట. లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్‌కు చదివే పిల్లలకు క్రిటికల్ రీజనింగ్ మొదలుపెట్టేటప్పుడు నేను ముందు దీన్నే బోర్డు మీద రాస్తాను. రాసి, ఈ వాదనను బలహీనపరిచేది ఏది అని అడుగుతాను.

శని, ఆదివారాల్లో కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ ఈ పాఠం చెబుతుంటాను. వచ్చేవాళ్లలో చాలామంది చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల తెలుగిళ్ల పిల్లలు. తమిళ రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్ ఇక్కడికి దగ్గరే. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. ఈ పిల్లలకు తెలుగు చదవడం రాదు. ప్రశ్న ఇంగ్లీషులో చదువుతారు, పక్కవాళ్లతో తమిళంలో మాట్లాడతారు, పంతం వచ్చిందంటే మాత్రం ఇంటి తెలుగులోకి దిగుతారు. నాకు ఆ ఘడియ అంటే ఇష్టం.

క్లాట్‌లో 120 ప్రశ్నలు. అందులో దాదాపు 20 శాతం లాజికల్ రీజనింగే. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. బోర్డు మీది వాదనకు నేనిచ్చే జవాబులు నాలుగు. ఒకటి, తమిళుల ఐప్పసి, కార్తిక మాసాల్లో ఇక్కడ వానలు బాగానే పడతాయి. రెండు, అగ్గిపెట్టెల పని ప్రమాదకరమైనది. మూడు, ఇంతే పొడిగా ఉండే మరికొన్ని ప్రాంతాల్లో ఈ పరిశ్రమ పుట్టలేదు. నాలుగు, ఇప్పుడు చాలా పని యంత్రాలే చేస్తున్నాయి.

పిల్లలు ఎక్కువగా మొదటిదాని మీద పడతారు. ఐప్పసి వానలో తడిసి బడికెళ్లినవాళ్లు కదా, తెలిసిన నిజం కళ్లముందు కనబడగానే దాన్నే పట్టుకుంటారు. కానీ ఈ పరీక్షకో కట్టుబాటుంది. వాదించేవాడు ఇచ్చిన ఆధారాలను ఇచ్చినట్టే ఒప్పుకోవాలి. గాలి పొడిగా ఉంటుందన్నాడు, సరే. మందు త్వరగా ఆరుతుందన్నాడు, సరే. అక్కణ్నుంచి ‘కాబట్టి పరిశ్రమకు కారణం వాతావరణం’ అనే చోటికి అతను ఎలా దూకాడన్నదే చూడాలి. లోపం ఎప్పుడూ ఆ దూకడంలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే నేల అనంతపురం. మరి అక్కడ వీధివీధినా అగ్గిపుల్లలెందుకు ఆరలేదు? మూడో జవాబు కొట్టే దెబ్బ అది. రెండోదీ నాలుగోదీ నిజాలే అయినా పరిశ్రమ పుట్టుక జోలికి రావు.

ఇది పరదేశపు పరీక్షల వాళ్లు కనిపెట్టిన విద్య అనుకునేవాళ్లకు అన్నంభట్టును గుర్తుచేస్తాను. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. ఆయన ‘తర్కసంగ్రహం’ ఈనాటికీ న్యాయశాస్త్రంలో, అంటే మన తర్కశాస్త్రంలో, తొలి పాఠం. పొగ ఉంటే నిప్పు ఉందనడం సరే, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం చెల్లదంటుంది ఆ శాస్త్రం. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవ్వాలి. వాదనలో ఎవరూ పేరెత్తని ఆ పచ్చికట్టెను నైయాయికులు, అంటే ఆ శాస్త్ర పండితులు, ‘ఉపాధి’ అన్నారు. ‘దాగిన షరతు ఏది’ అని పరీక్ష అడిగే ప్రశ్న సరిగ్గా ఇదే.

కోవిల్‌పట్టి వాదనలో పచ్చికట్టె ఎక్కడుంది? 1922లో ఇక్కడికి దగ్గర్లోని శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. వాళ్ల వెనక పెట్టుబడి పెట్టగల వర్తకులున్నారు. వానాధారపు సేద్యం సాలుకు కొన్ని నెలలే పనిస్తుంది, మిగతా కాలమంతా ఖాళీగా ఉండే చేతులున్నాయి. చేత్తో చేసే చిన్న కార్ఖానాలకు తరవాతి కాలంలో ఎక్సైజ్ సుంకంలో రాయితీ దక్కింది. పొడిగాలి వీటన్నిటితో కలిస్తేనే పని జరిగింది.

అదే పరిశ్రమ గురించి ఇంకో వాదన దశాబ్దాలపాటు చలామణీ అయింది. పిల్లల వేళ్లు సన్నగా, చురుగ్గా ఉంటాయి కాబట్టి పుల్లలు పేర్చే పని వాళ్లే బాగా చేస్తారని. దీన్ని బోర్డు మీద రాసేటప్పుడు నా చెయ్యి బరువెక్కుతుంది. శివకాశి బాలకార్మికుల కేసులో, ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. చట్టాన్ని మీరి పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లవాడికి 20,000 రూపాయలు నిధిలో కట్టాలంది. ఈ వాదనలో లోపమేమిటని అడిగితే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

“మా అవ్వ ఆ పనే చేస్తాది సార్. చట్రం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో గాడిలో ఒక్కో పుల్ల, చూడకుండానే పేరుస్తాది. వాళ్ల కార్ఖానాలో ఆమంత తొందరగా ఎవురూ చేయలేరు.”

చురుకు వయసుది కాదు, అలవాటుది. పైగా చట్రానికింత అని లెక్కగట్టే పనిలో పిల్లలే మేటి అయితే, ఎక్కువ కూలి వాళ్లకే ముట్టాలి కదా! ఎక్కడా అలా జరగలేదు. వాళ్లను తెచ్చింది చవకని, ఇంట్లో లేమిని చూసి. మంచి వాదనలా వినిపించే ఒక్క మాట ఎంతమంది బాల్యాన్ని నుసి చేసిందో తలుచుకుంటే, లోపాలు వెతికే ఈ పాఠం నాకు మార్కుల వ్యవహారంగా తోచదు.

విరుదునగర్‌లో పరీక్ష వేరు. అది ఒకప్పటి ముఖ్యమంత్రి కామరాజ్ పుట్టిన ఊరు. అక్కడ నేను రాసే వాదన: ‘1950లలో కామరాజ్ బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు, బడికొచ్చే పిల్లల సంఖ్య పెరిగింది, కాబట్టి భోజనమే పిల్లల్ని రప్పించింది.’ క్లాసంతా మౌనం. “కామరాజర్ చేసింది తప్పంటారా సార్?” అని ఒక కుర్రవాడు నిలదీశాడు. కాదు నాయనా, తప్పనలేదు. అదే ముఖ్యమంత్రి అదే కాలంలో వేల కొత్త బడులు కూడా తెరిపించారు. పిల్లలు వచ్చింది అన్నానికా, బడి ఊళ్లోకి వచ్చినందుకా? బలహీనపరచడం అంటే అబద్ధమని తేల్చడం కాదు, ఈ ఆధారం ఇంతవరకే మోస్తుందని చెప్పడం. మనకు గిట్టనివాడి మాటలో రంధ్రం ఎవరైనా చూస్తారు. మనం దండం పెట్టే మనిషి తరఫు వాదనలో చూడగలగడమే సాధన.

ఆ రంధ్రాన్ని తరవాతివాళ్లు పూడ్చారు. బియ్యం, గోధుమల బదులు వండిన భోజనం పెట్టడం మొదలైన మధ్యప్రదేశ్ బడులను ఫర్జానా అఫ్రిది అనే ఆర్థికవేత్త పరిశీలించారు. ఆ బడులు ముందునుంచీ ఉన్నవే. ఒకటో తరగతి ఆడపిల్లల హాజరు 10 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. ఇది చెప్పగానే ఆ కుర్రవాడి ముఖం విప్పారింది. సందేహం అడిగినందుకే ఈ జవాబు దొరికిందన్నాను.

పోయిన వారం వాళ్లకు ఇంటిపని ఇచ్చాను. ప్లస్ టూ ఫలితాల్లో పాస్ శాతంలో విరుదునగర్ జిల్లా ఎన్నో ఏళ్లు తమిళనాడులో మొదటి స్థానంలో నిలిచింది, కాబట్టి ఇక్కడి బడులే మేటివి. దీన్ని బలహీనపరిచేది రాసుకురండి అన్నాను. పుస్తకాలు సర్దుకుంటూ అవ్వ గురించి చెప్పిన అమ్మాయే అడిగింది: “శాతం లెక్కగట్టేది పరీక్ష రాసినోళ్లలోనా సార్, ఒకటో తరగతిలో చేరినోళ్లలోనా?”